ఆ గది ముందటి బెంచి

ఇబ్రహీంపట్నం,
12-6-2005, ఆదివారం.

నా బంగారు బిడ్డ మనోజకు,

బాపు సీమోను, అమ్మ సుక్కమ్మ ఇద్దరం సల్లగున్నం. నువ్వు ఆ ఉట్నూరుల గట్లనే ఉన్నవని నమ్మి రాస్తున్న.

బిడ్డా, నిలబడి చదువుతున్నవా? జర కూసో. నీకు సంబంధం కుదిరింది! పొద్దటి సంది నా కాళ్ళు భూమ్మీద లెవ్వు. మంచాల బస్సు కండక్టరుకు సుత చెప్పిన. ఆయనెవరో నాకెరుక లేదు, అయినా చెప్పిన. టికెట్ ఇచ్చుకుంట నవ్విండు.

పిలగాడు దానియేలు. మన్నెగూడ దిక్కు ఎక్కడ జూడు ప్లాట్లే, ఎక్కడ జూడు కొత్త ఇండ్లే కద. నేను పునాది కట్టిన ఇండ్లకే ఆయన కరెంటు వైరింగు చేస్తడు. మెత్తటి మనిషి. మొదటి భార్య పాము కరిచి పోయింది, పిల్లలు లేరు. మొన్న బువ్వ తినేకాడ ఆయనే అడిగిండు, "మామా, మీ బిడ్డ మళ్ళ పెండ్లికి ఒప్పుకుంటదా?" అని. నా చేతుల ముద్ద నోట్లెకు పోలే బిడ్డా. రూబేను టీబీతోని పోయి రెండేండ్లాయె. అందరి పిల్లలను హాస్టల్ల సాకుతున్నవ్, నీకంటూ ఒక మనిషి లేకపాయె అని నేను ఏడ్వని రోజు లేదు. గా ఏడుపు దేవుడు విన్నడు.

ఇగ ఒక్కటే ముల్లు. అయ్యగారు కొత్త రూలు పెట్టిండు. చర్చిల మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదవాలంటే ముందుగాల ఇద్దరూ ఎయిడ్స్ పరీక్ష చేయించుకోవాల్నట. నాకు ఒంట్ల మంటలు లేచినయ్. "అయ్యగారూ, ఈ చర్చి పునాదిల మొదటి రాయి పెట్టింది ఈ చేతులే. నా బిడ్డ రక్తం మీద మీకు అనుమానమా?" అన్న. "అనుమానం కాదు సీమోనూ, అందరికీ ఒకటే రూలు" అంటడు. అందరూ ఒకటేనా? నా బిడ్డతోని అడ్డమైనోళ్ళూ ఒకటేనా? సరే, తొందర పెండ్లి కోసం కోపం మింగిన. నువ్వు ఆడనే చేయించుకొని పంపు.

జల్ది జవాబు రాయి. ఆదివారం సాయంత్రం వాకిట్ల ప్రార్థన కూడిక అయినంక అందరూ నీ ఉత్తరం కోసమే కూసుంటరు. పోయినసారి నేను చదువుతుంటే బుగ్గమ్మ కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది, నీ హాస్టల్ పిల్లకు జరం వచ్చిన ముచ్చటకు.

ఆనందం పట్టలేని
నీ బాపు

---

ఉట్నూరు,
22-6-2005.

బాపూ,

నీ ఉత్తరం చదివిన. కూసోనే చదివిన.

దానియేలు మంచి మనిషే అని నీ మాటల్లనే తెలుస్తున్నది. నాకు జర టైం ఇయ్యి. స్కూళ్ళు ఇప్పుడే తెరిచినయ్, హాస్టల్‌కు కొత్త పిల్లలు వస్తున్రు, రాత్రంతా ఇంటిమీద బెంగతోని ఏడుస్తరు.

పరీక్ష సంగతి. ఇక్కడ దవాఖానల ఒకటే గది. దాని ముందర ఒకటే బెంచి. అక్కడ పనిచేసే కాంపౌండరు బిడ్డలిద్దరు నా హాస్టల్లనే ఉన్నరు. వార్డెనమ్మ ఆ బెంచి మీద కూసున్నదంటే తెల్లారేసరికి తల్లిదండ్రులు పెట్టెలు సదురుకుంటరు. పిల్లలకు అన్నం వడ్డించేది నేను. ఎట్ల పోవాలె చెప్పు? పిల్లల పరీక్షలు, ఇన్‌స్పెక్షన్ అయినంక చూస్త.

ఈ ఉత్తరం వాడల చదవకు బాపూ. దండం పెడ్త.

అమ్మ మోకాళ్ళు ఎట్లున్నయి?

మనోజ

---

ఇబ్రహీంపట్నం,
3-7-2005, ఆదివారం.

నా సింగారానికి,

గెలిచినం బిడ్డా, గెలిచినం!

నువ్వు వాడల చదవద్దన్నవ్. నేను అంతా చదవలే. దానియేలు ముచ్చట సిగ్గుకు వద్దన్నవేమో అని దాన్ని వదిలిపెట్టి, గా పరీక్ష ముక్క ఒక్కటే చదివిన. ఎందుకు చదవొద్దు? న్యాయం మాట్లాడినవ్! "వార్డెనమ్మ గా బెంచి మీద కూసుంటే పిల్లలను తీస్కపోతరు" అని చదవంగనే వాకిలంతా లేచింది. బుగ్గమ్మ ముందుగాల లేచింది. "మనోజ లాంటి పిల్లను అనుమానిస్తరా? రేపు నా మనుమరాలిని గూడ అడుగుతరు" అన్నది. లింగస్వామి మనోడు కాదు, చర్చికి రాడు, ఆయన గూడ చెప్పులేసుకొని మాతోని నడిచిండు.

అందరం కలిసి అయ్యగారి ఇంటికి పోయినం. అమ్మగారు చాయ్ పెడ్తనంటే "వద్దు, ముందు జవాబు కావాలె" అన్న. అయ్యగారు పాపం, బనియన్ మీదనే బయటికి వచ్చిండు. "సీమోనూ, ఇది అవమానం కాదు, ఆడపిల్లలను కాపాడనీకి పెట్టిన" అన్నడు. "మా ఆడపిల్లను మీరు కాపాడుడేంది? ఆమె నిప్పు!" అన్న. అందరూ "అవ్, అవ్" అన్నరు. ఆఖరుకు "సరే, మీ ఇష్టం, రూలు తీసేస్తున్న" అన్నడు.

తీసేసిండు! నీకే కాదు, అందరికీ తీసేసిండు. నువ్వు ఇగ ఏ బెంచి మీద కూసునేది లేదు. ఆగస్టుల మొదటి ప్రకటన. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి చీరలు చూడబోయింది.

నీ మీద ఈగ వాలనియ్యని
బాపు

---

ఉట్నూరు,
14-7-2005.

బాపూ,

ఎందుకు పోయినవ్? ఎవరు పొమ్మన్నరు? నేను వాడల చదవద్దంటే ఒక్క ముక్క చదివిన అంటవ్. ఆ ఒక్క ముక్కనే కదా వద్దన్నది.

అయ్యగారిని మాఫీ అడుగు. ఆయన తప్పేం లేదు. ప్రకటన ఆపు. ఆగస్టు వద్దు, దసరా సెలవులకు నేను వచ్చినంక మాట్లాడుదం. రూబేను ఆఖరు రోజుల్ల ఆయనను చూసిన దవాఖాన డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పిండు. అది ఉత్తరంల రాసేది కాదు. నీకు ఎదురుంగ కూసోని చెప్త.

దానియేలును ఇందుల ఇరికియ్యకు. ఆయనకు ఏ బాధా రావద్దు.

హాస్టల్ ఫోన్‌కు చెయ్యకు, ఆఫీసుల అందరూ ఉంటరు. నువ్వు చేసేది గూడ కిష్టా చాయ్ హోటల్ డబ్బా ఫోన్ నుంచే కద. అక్కడ మాట్లాడితే ఊరందరికీ మైకుల చెప్పినట్టే.

మనోజ

---

ఇబ్రహీంపట్నం,
24-7-2005, ఆదివారం.

నా తల్లి మనోజకు,

నీ ఉత్తరం నేనూ మీ అమ్మా రెండుసార్లు చదువుకున్నం. రూబేనును నువ్వింకా మరిచిపోలేదని అర్థమైంది. ఆయన ఆఖరుకు డాక్టరుతోని ఏం చెప్పి పోయిండో, నిన్ను మళ్ళ పెండ్లి చేసుకోవద్దన్నడో ఏమో, నువ్వు గా మాట మనసుల పెట్టుకున్నవ్. పోయినోళ్ళ మాట పట్టుకొని బతికినోళ్ళు ఎండిపోవద్దు బిడ్డా. టీబీ ఎవరి తప్పు?

అయితే దేవుడే నీ మాట విన్నడు. పెండ్లి ఆగింది. నేనే ఆపిన. ఎందుకో విను, నీకూ రక్తం ఉడుకుతది.

మంగళారం నాడు దానియేలు దవాఖానకు పోయిండు. జరం కాదు, దెబ్బ కాదు. సీదా గా పరీక్ష గది ముందటి బెంచి మీద కూసున్నడు! కిష్టా చాయ్ హోటల్ దానికి సరిగ్గ ఎదురుంగనే కద, ఆయన కండ్లార చూసిండు. సాయంత్రానికి నాకు చెప్పిండు: "అన్నా, రూలు తీసేసినంక గూడ పోయిండంటే ఏదో ఉన్నట్టే కద?" నిజమే కద బిడ్డా? ఏం లేనోడు ఎందుకు పోతడు? ఏం లేనోడు గా బెంచి దిక్కు చూడనన్నా చూడడు!

మన్నెగూడ పోయి, ఆయన నిచ్చెన మీద ఉంటే కిందికెల్లే అరిచిన. "నా బిడ్డకు అంటిద్దామనుకున్నవా?" అన్న. దిగి వచ్చిండు. పని చేసేటోళ్ళంతా చూస్తున్రు. "మామా, నాకేం లేదని చెప్పిన్రు" అన్నడు. "లేదని చెప్పేటిదుంటే పోయేటోనివే కాదు" అన్న. ఇంకేదో చెప్పబోయిండు, నేను విననే లేదు. సంబంధం వద్దని ముఖం మీదనే చెప్పి వచ్చిన.

నువ్వు బతికిపోయినవ్ బిడ్డా. నీ బాపు కండ్లు తెరుచుకునే ఉన్నడు.

కోపంల గూడ నీ మీది ప్రేమ తగ్గని
బాపు

---

ఉట్నూరు,
2-8-2005.

(బాపూ, ఇది ఒక్కనివే చదువు. అమ్మకు గూడ నేనే చెప్త. ఎవరి ముందరైనా విప్పితే ఇక్కడనే మడిచి పెట్టు.)

బాపూ,

దానియేలు చేసిన తప్పేంది? పరీక్షకు పోయినోడు పాపాత్ముడు, పోకుంట ఉన్న నేను నిప్పునా?

రూబేనుకు టీబీ వచ్చింది, నిజమే. కానీ దాని కింద ఇంకోటి ఉన్నది. హెచ్‌ఐవి. ఆఖరు వారంల తెలిసింది. టీబీ అనే చెప్పాలె, లేకుంటే మా ఇంటి ఆడపిల్లలకు సంబంధాలు రావు అన్నరు వాళ్ళోళ్ళు. నేను గూడ సరే అన్న. ఆయనను తిట్టకు. ఎట్ల వచ్చిందో ఆయనకే తెలువదు. ఆ రోజు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, నువ్వు గూడ చేయించుకోవాలె, ఆలస్యం చెయ్యకు" అన్నడు. తల ఊపిన.

రెండేండ్లు అయింది. తల ఊపుడే, పోలే.

ఎందుకు పోలే అంటే, ముందు ఏడుపు. తర్వాత ఈ నౌకరి వచ్చింది. తర్వాత ఒంట్ల బాగనే ఉంది కద అనుకున్న. ఉంటే ఏం చేస్తరు, చెప్పి భయపెట్టుడే కద అనుకున్న. లేకుంటే పోయి ఇజ్జత్ పోగొట్టుకునుడెందుకు అనుకున్న. ఒకసారి ఆదిలాబాద్ దాక బస్సుల పోయిన, ముఖానికి కొంగు కప్పుకొని. బెంచి మీద జాగ గూడ ఉన్నది. ఎదురుంగ మన ఇబ్రహీంపట్నం మనిషి లాంటి మనిషి కనిపించిండు. మనోడు కాదేమో. ఎవరైతేంది, వెనక్కు తిరిగి బస్సెక్కిన.

అన్నిటికంటే పెద్ద కారణం నువ్వు. నీకు కోపం వస్తే రానీ. "నా బిడ్డ నిప్పు" అని నువ్వు వాకిట్ల నిలబడి అన్నప్పుడల్లా నా కాళ్ళకు రాయి కట్టినట్టు అయితది. నిప్పు పోయి ఆ గది ముందర కూసుంటదా? అయ్యగారు రూలు పెడితే నాకు లోపల్లోపల సంతోషమైంది తెలుసా? ఇగ తప్పించుకోలేను, ఎవరో ఒకరు నన్ను నెట్టిన్రు అనుకున్న. నువ్వు వాడనంత తోలుకపోయి ఆ ఒక్క తొవ్వ మూసి వచ్చినవ్. నా కోసమేనంటవ్. రేపు మన వాడల ఇంకో పిల్ల నాలాగే పెండ్లి చేసుకొని పోతది. అప్పుడు ఎవరి ఇంటికి పోయి అరుస్తవ్?

దానియేలు ఎవరూ నెట్టకుంటనే పోయిండు. అందరూ చూస్తరని తెలిసీ పోయిండు. మంచి మనిషి చేసే పని అది. నువ్వు ఆయనను నిచ్చెన దించి తిట్టినవ్.

నాకు భయమైతున్నది బాపూ. మస్తు భయమైతున్నది. నన్ను ఇప్పుడు ఎట్ల పిలుస్తవో పిలువు.

మనోజ

---

ఇబ్రహీంపట్నం,
11-8-2005.

నా బిడ్డ మనోజకు, ఎప్పటి లెక్కనే నా బంగారు బిడ్డకు,

ఒక్కన్నే చదివిన. ఇంట్ల జాగ లేక, మన్నెగూడల తవ్విన పునాది గుంతల దిగి కూసోని చదివిన. కూలోళ్ళు తాత కింద నిద్రపోయిండనుకున్నరు. మట్టి మీద ఉత్తరం పెట్టి మళ్ళ మళ్ళ చదివిన. చదివినంక నాకు కోపమొచ్చింది. రూబేను వాళ్ళ మీద వచ్చింది. కిష్టా మీద వచ్చింది. నా నోటి మీద వచ్చింది. నీ మీద రాలే. నీ మీద ఒక్క చిటికెడు రాలే, ఒట్టు.

పైకి ఎక్కి సీదా దానియేలు దగ్గరికి పోయిన. నీ సంగతి చెప్పలే. "నాయినా, నేను పొరపాటు మాట్లాడిన" అని చేతులు పట్టుకున్న. ఆయన ఏమన్నడో తెలుసా? "మామా, నేను పోయింది అయ్యగారి రూలు కోసం కాదు. రేపు ఏదో ఒకరోజు ఆమె పోవాల్సొస్తే, ముందుగాల నేను పోయి ఉంటే ఆమెకు తేలికైతదని" అన్నడు. ఆ చేతులు పట్టుకొనే ఉన్న.

తెల్లారి దవాఖానకు పోయిన. తెల్లంగి, తలకు రుమాలు, పెండ్లికి పోయినట్టు పోయి, గా బెంచి మీద నడిమిట్ల కూసున్న. కిష్టా చాయ్ గిలాసలు కడుగుడు ఆపి ఉరికొచ్చిండు.

"ఏందే సీమోనన్నా, తొవ్వ తప్పినవా? బొక్కల డాక్టరు అటు దిక్కు."

"తప్పలే కిష్టా. గా పరీక్షకే వచ్చిన. ఒక చాయ్ పంపు, చెక్కెర జరంత ఎక్కువెయ్యి."

"ఈ వయసుల నీకేంది అన్నా గా పరీక్ష?"

"ఏ వయసుల చేయించుకోవాల్నో బోర్డు మీద రాసినవా నువ్వు? నువ్వు చేయించుకున్నవా?"

"నాకేం అవసరం?"

"దానియేలుకూ అవసరం లేకుండె. అయినా పోయిండు. నువ్వు చూసి ఊరంతా చాటినవ్, నేను మైకు పట్టుకున్న. ఇప్పుడు నన్ను గూడ చాటు. పో, గట్టిగ చాటు!"

బస్సు కోసం నిలబడ్డోళ్ళంతా ఇటే చూస్తున్రు. చూడనీ అన్న. మొన్నటిదాక ఒక మంచి పిలగాణ్ణి గిట్లనే చూసిన్రు కద, ఇప్పుడు ముసలోణ్ణి చూడున్రి.

లోపలున్న అమ్మాయి నిమ్మలంగ చెప్పింది. తాకితే రాదట, ఒక కంచంల తింటే రాదట, నువ్వు అన్నం వడ్డిస్తే ఏ పిల్లకూ ఏం గాదట. జల్ది తెలిస్తే మందులున్నయట, శాన ఏండ్లు బతుకుతరట. గిది రెండేండ్ల కింద నాకు ఎవరైనా చెప్తే? చెప్పినా నేను విందునా? నాకు లేదని తేలింది. మీ అమ్మకు ఊరోళ్ళు ముందే చెప్పిన్రు, నేను ఇంటికి పోయేసరికి చీపురు పట్టుకొని నిలబడ్డది. "ఏడికేడికి తిరిగినవ్ ముసలోడా!" అని. నవ్వినవా? నవ్వు.

ఇప్పుడు విను. సోమవారం ఆదిలాబాద్ బస్సెక్కి నీ కాడికి వస్తున్న. నా రుమాలు మీద ఒట్టేసి చెప్తున్న, ఉట్నూరుల అందరికీ నాకే పరీక్ష అని చెప్పు. బాపుకు పానం బాగలేదు, తోడొచ్చిన అని చెప్పు. ఆ కాంపౌండరుకు నేనే గట్టిగ చెప్త. బెంచి మీద నేను పక్కన ఉంట. ఎవరన్నా చూస్తే ముసలోడికి వచ్చిందనుకుంటరు. అనుకోనీ. నాకు పెండ్లి సంబంధాలు చెడిపోయేదున్నదా?

నీ నీడ లెక్క వచ్చే
బాపు

---

ఉట్నూరు,
4-9-2005.

బాపూ,

ఈ కవరుల రెండు కాయితాలు పెట్టిన. నీలం సిరాది ఆదివారం వాకిట్ల చదువు, బుగ్గమ్మత్తకు ఇష్టమైన ముచ్చట్లు ఉన్నయి. ఈ నల్ల సిరాది నీకు.

నువ్వు బస్సెక్కి పోయినంక ఆ ఒంట్ల బలం చూసే రెండో పరీక్ష ఫలితం వచ్చింది. నాకు హెచ్‌ఐవి ఉన్నది ఉన్నదే, అది మారదు. కానీ ఒంట్ల బలం ఇంకా బాగనే ఉన్నదట. మందులు ఇప్పుడే మొదలుపెట్టేది లేదు, ఆర్నెల్లకోసారి చూపించుకోవాలె. ఇంకొన్నేండ్లు ఇట్లనే తల ఊపుకుంట కూసుంటే కష్టమయ్యేది అన్నరు. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. ఒక బెంచికి భయపడి నా పానం పోగొట్టుకునేదాన్ని.

ఆ రోజు దవాఖానల మనిద్దరి ఫలితాలు చెప్పినంక హోటల్ల కూసున్నం కద. నీ ప్లేటుల ఇడ్లీ ఉండంగనే నా ప్లేటుల నుంచి సగం తుంచుకొని తిన్నవ్. చట్నీ బాగలేదని హోటలాయనతోని కొట్లాడినవ్. నేను అన్నీ చూసిన.

అమ్మకు దసరాకు వచ్చి నేనే చెప్త. దానియేలుకు రాసిన, ఉన్నది ఉన్నట్టు. జవాబు రాలే. ఆయన మీదికి పోకు బాపూ, ఏమీ అడగకు. నేను రెండేండ్లు తీసుకున్న, ఆయన ఎన్ని రోజులైనా తీసుకోనీ.

హాస్టల్ల రోజూ నేనే వడ్డిస్తున్న.

మనోజ

---

ఇబ్రహీంపట్నం,
18-9-2005, ఆదివారం.

నా బంగారు బిడ్డకు,

సంతోషం బిడ్డా, సంతోషం! బలం బాగనే ఉన్నదన్న ముక్క కాడ ఆగి, మళ్ళ మళ్ళ చదివి, నల్ల కాయితం అంగీ లోపలి జేబుల పెట్టుకున్న. వాకిట్ల నీలం కాయితం చదివిన. మధ్యల బుగ్గమ్మ "ఇంకేం రాయలేదా?" అంటే "ఇంతే" అన్న. నా జన్మల ఉత్తరం కుదించి చదివింది గిదే మొదటిసారి.

అయ్యగారికి మాఫీ చెప్పుకున్న. రూలు మళ్ళ పెట్టుమన్న. "మళ్ళ వాడనంత తోలుకొని వస్తవా సీమోనూ?" అన్నడు. "వస్త, ఈసారి మీ దిక్కు నిలబడనీకి" అన్న. అయితే ఆయన పనిల గూడ ఒక తప్పు కనిపించి గట్టిగనే చెప్పిన. కాయితం అడుగుడు, పది మందిల అడుగుడు ఏంది? ఎవరిది వాళ్ళకే తెల్వాలె, పెండ్లి చేసుకునే ఇద్దరికీ తెల్వాలె, చర్చికి ఎందుకు? అయ్యగారు నేను చెప్పింది రాసుకున్నడు.

దానియేలు మొన్న వచ్చిండు. నీ అడ్రసు మళ్ళ రాయించుకున్నడు. పాతది వానకు తడిసిందట. నేనేం అడగలే. నాలుక కొరుక్కున్న. నెత్తురొచ్చేటట్టు కొరుక్కున్న.

ఊర్ల నాకే గా రోగం ఉన్నదని సగం మంది అనుకుంటున్రు. కిష్టా నా గిలాస వేరే పెట్టిండు. చూసి ఒంట్ల మంట లేచింది. ఆ గిలాస తీసి అందరి గిలాసల్ల కలిపి, "ఇప్పుడు ఏది నాదో చెప్పు" అన్న. చెప్పలేకపాయె. పది మంది చూస్తుంటె నాకే మళ్ళ చాయ్ పోసిచ్చిండు.

ఇంకో ముచ్చట, ఆఖరుది. మొన్న పొద్దుగూకేయాల్ల ఒక ఆడామె కొంగు నెత్తి మీదికి గుంజుకొని వాకిట్లకు వచ్చింది. మన ఎరుక ఉన్న మనిషే. శాన సేపు మీ అమ్మ మోకాళ్ళ ముచ్చట అడిగింది, వాన ముచ్చట అడిగింది. పోతూ పోతూ గడప కాడ ఆగి, "అన్నా, నువ్వు గా బెంచి మీద కూసున్నవ్ కద... నాతోని ఒక్కసారి వచ్చి పక్కన కూసుంటవా?" అన్నది.

పోయి కూసున్న. చాయ్ తాగినం.

ఎవరని అడగకు బిడ్డా. నీకు గూడ చెప్ప.

నీ బాపు
సీమోను